ఒర మెత్తబడితే

మన సినిమాల్లో హీరో తుపాకీని ప్యాంటు వెనక దోపుకుని దర్జాగా బండెక్కి వెళ్ళిపోతాడు. నిజంగా అలా దోపుకున్నవాడి కథ ఒకటుంది. ప్లాక్సికో బర్రెస్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు 2008 నవంబరులో న్యూయార్క్‌లోని ఒక నైట్‌క్లబ్బుకి గ్లాక్ పిస్టల్ నడుముకి దోపుకుని వెళ్ళాడు. అది జారింది. పట్టుకోబోయాడు. పేలి తూటా తొడలో దిగింది. ప్రాణం దక్కింది గానీ, అక్కడ చెల్లే లైసెన్సు లేనందుకు జైలుకెళ్ళాడు.

హోల్‌స్టర్ ఉంటే ఈ గొడవే లేదు కదా అంటారా? అది ఎలాంటి హోల్‌స్టర్ అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మా చిన్న మామయ్య డాలస్ దగ్గర గ్యాస్ స్టేషన్ నడుపుతాడు. రాత్రి పదకొండు దాటాక ఆ రోజు వచ్చిన డబ్బు పట్టుకుని ఒక్కడే కారు దాకా నడవాలి. గ్రీన్ కార్డు వచ్చాక పిస్టల్ కొన్నాడు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్ళు నిండి చట్టపరమైన అడ్డంకులు లేనివాళ్ళు లైసెన్సు లేకుండానే దాన్ని వెంట పెట్టుకోవచ్చు. ఖమ్మంలో ఉన్న మా అమ్మమ్మకి ఈ సంగతి తెలీదు. నాకు తెలుసు, ఎందుకంటే ఒక రోజు వీడియో కాల్‌లో "నువ్వు మెకానికల్ కదరా అల్లుడూ, ఇది చూడు" అని ముచ్చటగా చూపించాడు.

పిస్టల్ కొత్తదే, అదీ గ్లాకే. హోల్‌స్టర్ మాత్రం పాత తోలుది, ఎవరో ఫ్రెండ్ ఇచ్చాడట. ప్యాంటు లోపలికి పెట్టుకునే రకం. బాగా వాడిన పర్సులా మెత్తబడిపోయింది. పిస్టల్ తీయగానే దాని మూతి లోపలికి ముడుచుకుంది. నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి.

గ్లాక్‌ని ఆస్ట్రియా సైన్యం 1982లో ఎంచుకుంది. దానికి బయట సేఫ్టీ స్విచ్ ఉండదు. ఉన్నవి మూడు: ట్రిగ్గర్ మధ్యలో చిన్న మీట, ఫైరింగ్ పిన్‌ని ఆపే అడ్డు, కింద పడితే పేలకుండా చూసే ఏర్పాటు. ట్రిగ్గర్ లాగుతుంటే ఈ మూడూ వాటంతట అవే తొలగిపోతాయి. అంటే అవి దెబ్బ తగిలినప్పుడు కాపాడతాయి గానీ, ట్రిగ్గర్ కదిలితే కాపాడలేవు. సుమారు రెండున్నర కిలోల బలం చాలు. నొక్కింది వేలా, తోలు మడతా అన్న తేడా పిస్టల్‌కి తెలీదు.

చెమట, ఒంటి వేడి, రోజూ కూర్చుని లేవడం వల్ల తోలు మూతి దగ్గర మడత పడుతుంది. పిస్టల్ లోపల పెట్టేటప్పుడు ఆ మడత ట్రిగ్గర్ గార్డ్‌లోకి దూరుతుంది. మనం పైనుంచి తోస్తాం. పిస్టల్ కిందికి వెళ్తుంది, మడత కదలదు. ఇక ట్రిగ్గర్ నొక్కుకుపోవడమే! కావలసిన బలం మన అరచేయే ఇస్తుంది. చొక్కా అంచు, జాకెట్ తాడు చివరి ప్లాస్టిక్ పూస కూడా ఇదే పని చేయగలవు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ కత్తీ గుడ్డముక్కా కూడా ఇమడవు. ఆ సమయంలో గొట్టం చూసేది తొడ వైపు. అక్కడి పెద్ద రక్తనాళం తెగితే చేతిలో ఉండేది నిమిషాలే.

వ్యాట్ ఎర్ప్ పేరు కౌబాయ్ సినిమాలు చూసేవాళ్ళకి తెలిసే ఉంటుంది. 1876 జనవరిలో విచిటాలో ఆయన కూర్చుని ఉండగా రివాల్వర్ హోల్‌స్టర్‌లోంచి జారి పడి పేలింది. తూటా కోటులోంచి పోయింది. ఆ రోజుల్లో సుత్తి నేరుగా తూటా మీదే ఆనేది. అందుకే జాగ్రత్తపరులు ఆరు గదుల్లో ఐదే నింపేవారు. తర్వాత ఇంజనీర్లు ఆ లోపాన్ని తుపాకీ లోపలే సరిచేశారు. కానీ ట్రిగ్గర్ సమస్యని అలా సరిచేయలేం, పేల్చడమే దాని పని కాబట్టి. దాన్ని కాపాడే భాగం బయటే ఉండాలి. ఆ భాగమే హోల్‌స్టర్. అది మోసే సంచి కాదు, మెషీన్‌లో ఒక పార్టు. అరిగితే మార్చాల్సిందే.

ఇదంతా చెబితే మామయ్య నవ్వాడు. "తోలుముక్కకి ఇంత లెక్చరా?" అన్నాడు. "కారులో కూర్చున్నప్పుడు అది ఎటు చూస్తుంది మామయ్యా? చిట్టి నీ ఒళ్ళోకి ఎక్కినప్పుడు?" అని అడిగాను. చిట్టి ఆయన కూతురు. కాసేపు మాట్లాడలేదు.

వారం తర్వాత కైడెక్స్ హోల్‌స్టర్ ఫోటో పంపాడు. ప్లాస్టిక్ రేకుని వేడి చేసి పిస్టల్ ఆకారానికి ఒత్తినది. ట్రిగ్గర్ గార్డ్ మొత్తం మూసుకుంటుంది, ఖాళీగా ఉన్నా మూతి ముడుచుకోదు. దీనికీ స్క్రూలు వదులవుతాయి, చూసుకోవాలి. పిస్టల్ పెట్టేటప్పుడు చొక్కా పక్కకి లాగి, కళ్ళతో చూస్తూ నిదానంగా పెట్టాలి. ఇంటికొచ్చాక హోల్‌స్టర్‌తో సహా తీసి తాళం వేయాలి. చేయి జారితే పట్టుకోబోకుండా పడనివ్వాలి.

అసలు తుపాకీయే లేకపోతే నాకు ఇంకా హాయి. కానీ ఆ పార్కింగ్ లాట్‌లో రాత్రి నడిచేది ఆయన, హాస్టల్ గదిలో కూర్చున్న నేను కాదు.

మనలో చాలామంది ఎంఎస్‌కి వెళ్తాం. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ ఉంచుకోవడానికి అక్కడి ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. కానీ పార్టీకి పిలిచిన అన్న నడుముకి ఒకటి ఉండొచ్చు. ఆయన చూపిస్తే ఏ మోడల్ అని అడక్కండి. హోల్‌స్టర్ కొని ఎన్నాళ్ళయిందో అడగండి.