మా తాతగారి పిస్తోలు

మనుషులకు వలెనే వస్తువులకు కూడా వంశచరిత్రలుంటాయి. మా ఇంటి బీరువాలో దీర్ఘకాలం నిద్రించిన ఒక చిన్న పిస్తోలు చరిత్రను ఇక్కడ వ్రాయ సాహసిస్తున్నాను. ఆయుధ ప్రశంస నా అభిమతం కాదని పాఠకులు ముందుగానే గ్రహింతురు గాక.

మా తాతగారు తాడేపల్లిగూడెంలో బియ్యం వ్యాపారం చేసేవారు. ధాన్యం కొనుగోలుకై రొక్కం వెంటబెట్టుకొని ఏలూరుకు, కొల్లేటి లంకలకు తిరుగవలసి వచ్చేది. ఆత్మరక్షణ కోసం లైసెన్సు పొంది, స్పెయిన్ దేశపు 'ఆస్ట్రా 200' పిస్తోలును కొన్నారు. సుమారు పదకొండు సెంటీమీటర్ల పొడవు, అరచేతిలో ఇమిడిపోయేది. దాని మాగజైనులో 6.35 మిల్లీమీటర్ల తూటాలు ఆరు పట్టేవి.

ఈ రూపం స్పెయిన్‌లో పుట్టినది కాదు. అమెరికా దేశస్థుడైన జాన్ బ్రౌనింగ్ కల్పించిన జేబు పిస్తోలును బెల్జియంలోని ఒక కర్మాగారం 1906 ప్రాంతంలో విపణికి తెచ్చింది. ఉత్తర స్పెయిన్‌లోని ఐబార్ పట్టణపు పనివారు దానిని అనుకరించారు. తమ దేశంలో తయారు కాని వస్తువుకు ఆనాటి స్పెయిన్ చట్టం పేటెంటు రక్షణను నిలుపలేదు గనుక వారికి అడ్డు లేకపోయింది. ఐబార్‌లో 1908లో ఆరంభమై 1913లో గెర్నికా పట్టణానికి తరలిన ఉన్సెతా వారి సంస్థ 1920లో ఈ ఆస్ట్రాను వెలువరించింది.

దాని నిర్మాణంలో మూడు భద్రతలున్నాయి. మొదటిది ప్రక్కనున్న మీట. రెండవది పిడి వెనుక, చేయి బిగించినప్పుడే లోనికి అణగే పలక. మూడవది, మాగజైను తీసివేసినచో, గొట్టంలో తూటా ఉన్నప్పటికీ ట్రిగ్గరును పనిచేయనీయని ఏర్పాటు.

ఈ మూడవ భద్రత విలువను తాతగారు ఒక రాత్రి తెలుసుకొన్నారు. 1960 దశాబ్దపు తొలి సంవత్సరాలలో ఒక శీతకాలం, తాటి దోనెలో కొల్లేరు దాటి లంక గట్టుపై ఒంటరిగా నడుస్తున్నారు. వెనుక అడుగుల చప్పుడు. మంచులో ఎవరో పరుగున వస్తున్నారు. పిలిచినా బదులు రాలేదు. తాతగారు పిస్తోలు తీసి, మీట తప్పించి, ట్రిగ్గరు లాగారు. అది పేలలేదు.

"బాబుగారూ, మీ డబ్బు సంచి దోనెలో మరిచిపోయారండీ!" అంటూ రొప్పుతూ వచ్చినవాడు ఆ దోనె నడిపిన మనిషి.

ఇంట్లో పసిపిల్లలున్నారని మామ్మ అంతకు ముందు రోజు మాగజైను తీసి బియ్యపు డబ్బాలో దాచిందట. గొట్టంలో తూటా ఒకటి మిగిలినదని ఆమెకు తెలియదు. మాగజైను లేదని తాతగారికి తెలియదు. రెండు భద్రతలను తాతగారి చేయి తొలగించింది. మూడవదానిని మామ్మ చేయి కాపాడింది. ఆ తరువాత ఆయన పిస్తోలును ఇల్లు దాటించింది ఎన్నికల వేళ స్టేషనులో అప్పగించడానికే.

గెర్నికా కథ నేను చాలాకాలం తరువాత చదివాను. 1937 ఏప్రిల్ 26న, స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో, జర్మనీ ఇటలీ విమానాలు ఆ పట్టణంపై బాంబులు కురిపించాయి. ఇండ్లు కూలినవి, జనం మరణించారు. పిస్తోళ్ల కర్మాగారం మాత్రం నిలిచింది. పికాసో చిత్రం వలన ప్రపంచమెరిగిన ఆ ఊరే మా బీరువాలోని వస్తువుకు పుట్టిల్లు అని తెలిసిన రోజున నాకు అన్నం సహించలేదు. ఆ సంస్థ 1990ల చివర మూతబడింది.

తాతగారు గతించాక లైసెన్సు నా పేరిట కోరవచ్చునని బంధువులు సలహా ఇచ్చారు. వంశగౌరవమన్నారు, జ్ఞాపకమన్నారు. ఒక వారం ఊగిసలాడినాను. తాతగారి చేతి చెమట ఇంకిన పిడిని వదలుకొనుట సులభం కాదు. కానీ పేరు సైతం నేనెరుగని ఆ దోనె మనిషి కూడా ఆ వస్తువు చరిత్రలోని వాడే. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం దానిని ఏలూరులో పోలీసులకు అప్పగించి రసీదు తీసుకొన్నాను.

అప్పగించేటప్పుడు పిస్తోలును, మాగజైనును వేరువేరు గుడ్డలలో చుట్టాను. అది మామ్మ నేర్పిన పద్ధతి.