ముసలి పోతు వెల

గిల్గిట్ ప్రాంతంలో మార్ఖోర్ వేటకు తొలి అడుగు వేలంపాటలో పడుతుంది. ఆ చలికాలానికి కేటాయించిన పర్మిట్లను వన్యప్రాణి శాఖ అధికారులు శరదృతువులో పాటకు పెడతారు. వేట ఏర్పాట్లు చూసే సంస్థలు విదేశాలలోని తమ ఖాతాదారుల తరఫున పాట పాడతాయి. 2023లో ఇక్కడ ఒక్క మార్ఖోర్ పర్మిట్టు 1,86,000 డాలర్లు పలికింది. మరుసటి ఏడు పొరుగున ఉన్న చిత్రాల్‌లో ఒక పర్మిట్టు ధర 2,70,000 డాలర్లు దాటింది. ఒక మేకపోతు కోసం, అదీ ముసలి పోతు కోసం ఇంత సొమ్మా అని ముక్కున వేలేసుకునే వారికి ఆ జంతువును గురించి కొంచెం చెప్పాలి.

మార్ఖోర్ అడవి మేకలలో మిక్కిలి భారీ కాయం గలవాటిలో ఒకటి. పెద్ద పోతు వంద కిలోలకు పైగా తూగుతుంది. మెడ కింద జూలు, తలమీద బరమాలా మెలితిరిగిన కొమ్ములు. మెలికల వెంట కొలిస్తే అవి అయిదడుగులు కూడా ఉండవచ్చు. 'మేకపోతు గాంభీర్యం' అనే మాటను ఎగతాళిగా వాడుకునే మనవంటివారు దీన్ని చూస్తే ఆ మాట మళ్ళీ ఆలోచించుకోవలసి వస్తుంది. పారశీకంలో మార్ఖోర్ అంటే పామును తినేది. పదానికి పదం పెట్టే అనువాదకుడు సర్పభక్షకుడని రాసి ఊరుకుంటాడు గాని, పాపం ఇది గడ్డీ ఆకులూ తప్ప ఎరగదు. చిత్రాల్‌లో సింధూర వృక్షాల కొమ్మలెక్కి మరీ ఆకులు మేస్తుంది.

ఒకప్పుడు ఈ కొండలలో తుపాకి ఉన్న ప్రతివాడూ వేటగాడే. మాంసం కోసం కొందరు, కొమ్ముల కోసం కొందరు కాల్చుకుంటూ పోగా మందలు అంతరించే స్థితికి వచ్చాయి. బలూచిస్తాన్‌లోని తోర్ఘర్ కొండలలో 1980ల నడుమ మార్ఖోర్లు వందకు మించి లేవని అంచనా. అక్కడి పఠాను పెద్దలు కొందరు అప్పుడొక విచిత్రమైన ఉపాయం చేశారు. వేటగాళ్ళనే కాపలాదారులుగా జీతానికి పెట్టుకున్నారు. ఏటా ఒకటి రెండు ముసలి పోతులను వేటాడే హక్కును విదేశీయులకు అమ్మి ఆ జీతాలు ఇచ్చారు. 1999 నాటి లెక్కింపులో అక్కడి మార్ఖోర్ల సంఖ్య సుమారు 1,600 అని తేలింది. వన్యప్రాణి వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒడంబడిక సభలో 1997లో పాకిస్తాన్‌కు ఏటా ఆరు మార్ఖోర్ల కోటా లభించింది. 2002లో దాన్ని పన్నెండుకు పెంచారు. వచ్చిన సొమ్ములో నూటికి 80 వంతులు ఆ లోయ ప్రజలకు, 20 వంతులు ప్రభుత్వానికి. 2015లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం మార్ఖోర్‌ను 'అపాయంలో ఉన్న' జాతుల వరుస నుంచి తప్పించి, దాదాపు ముప్పు అంచున ఉన్న జాతుల వరుసలో చేర్చింది.

పర్మిట్టు చేతికి వచ్చాక అసలు సన్నాహం మొదలవుతుంది. మొదటి ప్రశ్న కాలం. వేసవిలో పోతులు విడిగా తిరుగుతాయి. వాటిని చేరడం కష్టం. డిసెంబరులో ఎదకాలం రాగానే ఆడమేకల మందలను వెతుక్కుంటూ వస్తాయి. పైన కురిసే మంచు వాటిని ఇంకా కిందికి, సింధు నదిని ఆనుకున్న బుంజీ, హరామోష్ లోయల దాకా దింపుతుంది. అందుచేత వేటగాడు ఎముకలు కొరికే చలినే కోరుకోవలసి వస్తుంది. నెలల ముందునుంచే మెట్లెక్కీ, బరువు వీపున వేసుకుని కొండలెక్కీ దేహాన్ని సిద్ధం చేసుకోకపోతే లక్ష డాలర్లు పోసినా మొదటి చరియ దగ్గరే ఊపిరి అందదు. తుపాకి తాత్కాలికంగా దేశంలోకి తెచ్చే అనుమతి, కొమ్ములు ఇంటికి తీసుకుపోయే ఎగుమతి పత్రం, దిగుమతి పత్రం వేరే తంతు. వాటి గురించి రాస్తే చదివేవారికి నిద్ర వస్తుంది.

రెండవ ప్రశ్న మనిషి. దారి చూపే స్థానిక షికారీ లేకుండా ఈ వేట లేదు. చాలాచోట్ల అతడే ఒకనాటి దొంగవేటగాడు, లేదా అతని కొడుకు. ఏ చరియ మీద మంచు గట్టిపడిందో, ఏ రాయి అడుగు వేస్తే జారుతుందో అతనికి తెలుసు. గాలి సంగతి ఇంకా బాగా తెలుసు. పొద్దెక్కి కొండ వేడెక్కే కొద్దీ గాలి లోయనుంచి పైకి వీస్తుంది; పొద్దువాలాక చల్లబడి కిందికి జారుతుంది. మేక కళ్ళు ఎక్కువగా కింది వైపే కాపలా కాస్తాయి కనుక దానికంటె ఎత్తుకు చేరాలి. కాని ఎత్తుకు చేరినవాడి వాసన సాయంకాలపు గాలి మోసుకుపోయి మందను హెచ్చరిస్తుంది. ఈ రెంటి మధ్య సరిపోయే ఘడియను షికారీ చూసుకుంటాడు. చెప్పడానికి రెండు వాక్యాలు. నేర్చుకోవడానికి అతనికి ఒక జన్మ పట్టింది.

తరువాత ఎంపిక. ఏటా చలికాలంలో కొమ్ము ఎదుగుదల ఆగి ఒక వలయం పడుతుంది. షికారీ దుర్భిణీ రాతిమీద ఆనించి, గంటల తరబడి ఆ వలయాలను లెక్కపెడతాడు. ఎనిమిది తొమ్మిదేళ్ళు దాటిన పోతు కావాలి. పడుచు పోతును కాల్చినా, పొరపాటున ఆడదాన్ని కాల్చినా ఊరి నోట్లో మన్ను పడ్డట్టే. ఆ లోయలో బడి పంతులు జీతమో, నీటి కాలువ మరమ్మతో, కాపలాదారుల నెల జీతమో ఆ ఒక్క నిర్ణయం మీద ఆధారపడి ఉండవచ్చు. ఇక నిట్టనిలువు చరియపై పైకో కిందికో కాల్చేటప్పుడు తూటా గురికంటె ఎత్తుగా పోతుంది. ఆ సంగతి మరచి కాలిస్తే జంతువు గాయంతో లోతైన అగాధంలో పడి ఎవరికీ దక్కదు. వేటగాడు తొందరపడితే చెయ్యి అడ్డుపెట్టి ఆపే అధికారం షికారీదే. లక్షల డాలర్లు పెట్టినవాడు ఒక గొర్రెల కాపరి 'వద్దు' అంటే ఆగవలసిన చోటు లోకంలో ఎన్ని ఉన్నాయో!

మన దేశంలో ఈ ప్రశ్నే పుట్టదు. కాశ్మీరులో ఉరీ దగ్గరి కాజీనాగ్ కొండలలోను, పీర్‌పంజాల్ శ్రేణిలోను మార్ఖోర్లు కొద్దిగా మిగిలి ఉన్నా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని వేటాడడం నేరం. అయితే మనకూ ఇటువంటి కథ ఒకటి లేకపోలేదు. నీలగిరులలో 1877లో ఏర్పడిన వేటగాళ్ళ సంఘం, తమిళులు వరైయాడు అనే కొండమేక విషయంలో వయసు మళ్ళిన పోతులను తప్ప కాల్చరాదని కట్టుబాటు చేసింది. మున్నార్ తేయాకు దొరలు ఎరవికులం మైదానాలను తమ వేట కోసమే కాపాడుకున్నారు. ముతువాన్ గిరిజనులను కాపలా పెట్టారు. ఆ మైదానాలే 1975లో అభయారణ్యమై, 1978లో జాతీయ వనమైనాయి. అక్కడ తుపాకులు వెళ్ళిపోయాక కూడా మేకలు నిలిచాయి. తోర్ఘర్‌లో, గిల్గిట్‌లో తుపాకి వెళ్ళిపోతే ఏమవుతుందో ఇంకా ఎవరూ పరీక్షించి చూడలేదు.

ప్రాణానికి వెల కట్టడం మనసుకు ఎక్కదు. పెద్ద కొమ్ములున్న పోతులనే ఏరి తీయడం వల్ల తరతరాలకూ కొమ్ములు చిన్నబోతాయన్న భయం శాస్త్రజ్ఞులలో ఉంది. ఊరి వాటా ఊరిదాకా చేరుతున్నదా అన్న తగాదాలూ ఉండనే ఉన్నాయి. ఈ అభ్యంతరాలు చేసేవారి మాట కొట్టివేయదగినది కాదు. కాని నగరంలో కూర్చుని అసహ్యించుకునేవాడికి ఆ అసహ్యం ఖర్చు లేనిది. మేకల్ని కాపాడుతూ, తన మందల మీద పడే మంచు చిరుతను కూడా సహించే లోయవాసికి మాత్రం ప్రతి చలికాలమూ ఖర్చే.

వేట ముగిశాక కొమ్ములు కొలిచి, కాగితాల మీద ముద్రలు వేసి వేటగాడు విమానమెక్కుతాడు. మాంసం ఊళ్ళోనే పంచుకుంటారు. షికారీ మళ్ళీ దుర్భిణీ తీసుకుని ఎదురుగా ఉన్న చరియ మీద పోతులు, ఆడమేకలు, నిరుటి పిల్లలు వేరువేరుగా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మొదలుపెడతాడు. ఆ లెక్క తేలితే గాని వచ్చే ఏటి వేలంపాట మాట ఎత్తకూడదు.