కరెంటు పెట్టించుకున్న 20 రోజులు

మన సంఘం పత్రికలో ఇలాంటి విషయం రాయవచ్చునా, పిల్లలూ పెద్దలూ కలిసి చదివే పుటల్లో రొమ్ము అనే మాట అచ్చు వేయవచ్చునా అని చాలా రోజులు తటపటాయించాను. ఒక ఉగాది సంబరాల్లో, భోజనాల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు వేర్వేరుగా నన్ను పక్కకి పిలిచి చెవిలో అడిగారు, “కరెంటు పెట్టించుకున్నావంట గదా, చాలా కష్టమా?” అని. తమ కోసం కాదనీ, తెలిసినవాళ్ళ కోసమనీ ఇద్దరూ చెప్పారు. నేనూ నమ్మినట్టే తలూపాను. ఆ సందడిలో వాళ్ళకి చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

నేను బి.కాం. చదివినదాన్ని. పదో తరగతి తర్వాత సైన్సు ముఖం చూడలేదు. హోసూరులో, చుట్టుపక్కల శాఖల్లో ముప్పై ఏళ్ళుగా బ్యాంకు అంకెలతోనే కాపురం. అంచేత డాక్టర్లు చెప్పినదాన్ని నాకు తెలిసిన లెక్కల భాషలోకి మార్చుకుని అర్థం చేసుకున్నాను.

2023 జనవరిలో స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చింతగింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు గదా అని ఊరుకున్నాను. పైగా మార్చి 31 దగ్గర పడుతోంది, శాఖలో లెక్కల ముగింపు. ఎవరైనా అప్పు వాయిదా తప్పితే నోటీసు పంపే నేను, నా ఒంటి సంగతి మూడు నెలలు వాయిదా వేశాను. ఇది గొప్పగా చెప్పుకుంటున్న మాట కాదు. ఏప్రిల్లో చూపించుకున్నాను, మేలో బెంగళూరులో ఆపరేషన్ అయింది. గడ్డనీ దాని చుట్టూ కాస్త కండనీ తీసి రొమ్ము మిగిల్చారు, చంకలో కొన్ని గ్రంథులు తీసి పరీక్షించారు. తర్వాత మూడు వారాలకొకటి చొప్పున 4 కీమోలు. దాని గురించి ఇప్పుడు రాయను. జుట్టు పోయింది, మళ్ళీ వచ్చింది. చాలామంది జుట్టు పోవడం రేడియేషన్ వల్ల అనుకుంటారు. రొమ్ముకి ఇచ్చే రేడియేషన్‌తో తలమీద వెంట్రుక రాలదు.

రేడియేషన్ అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా రాదు. మా వైపు జనం దాన్ని కరెంటు పెట్టడం అంటారు. ఆ మాట వింటే నాకు మా పెద్దమ్మే గుర్తుకొస్తుంది. 1984లో ఆమెకీ ఇదే జబ్బు. పెద్దనాన్న అప్పటికే పోయారు. కూతురితో మా ఇంటికి వచ్చి, బెంగళూరు వెళ్ళి కరెంటు పెట్టించుకునేది. పెరట్లో, పశువుల కొట్టం పక్కన ఒక గది ఖాళీ చేసి ఆమెకి ఇచ్చారు. ఒక చాప, ఒక చెంబు, ఒక సత్తుపళ్ళెం. ఆమె ఒంట్లో కరెంటు ఉందనీ, పిల్లలకి తగులుతుందనీ పెద్దవాళ్ళు అన్నారు. అన్నం వడ్డించి ఇచ్చేది మా అమ్మ. గడప దగ్గర పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసేదాన్ని నేను. నాకప్పుడు పదిహేనేళ్ళు. మరుసటి సంక్రాంతికి పెద్దమ్మ లేదు.

నా చేతికి కాగితం ఇచ్చి, “మీకు మొత్తం 20 సిట్టింగులు, వారానికి 5 రోజులు, శని ఆదివారాలు సెలవు” అని డాక్టరమ్మ చెబుతున్నప్పుడు నా కళ్ళముందు ఉన్నది ఆ సత్తుపళ్ళెమే. నేను అడిగిన మొదటి ప్రశ్న నొప్పి గురించి కాదు. “ఇంట్లో రెండేళ్ళ మనవరాలు ఉంది, దాన్ని ఎత్తుకోవచ్చా?” అని. ఆమె నవ్వి, “ఆపరేషన్ అయిన చేయి నొప్పి పుట్టకపోతే ఎత్తుకోండి” అంది.

అసలు సన్నాహం చేయితోనే మొదలవుతుంది. ఈ చికిత్సలో రెండు చేతులూ తలపైకి ఎత్తిపెట్టి కదలకుండా పడుకోవాలి. చంకలో కోత పడ్డవాళ్ళకి చేయి అంత పైకి లేవదు. అందుకని ఆపరేషన్ అయినప్పటి నుంచీ వ్యాయామం చెప్పారు. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో బల్లి పాకినట్టు పైకి పాకించడం. వంటింటి గోడమీద పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాను. మొదటి వారం భుజం ఎత్తు కూడా దాటలేదు. తలుపు పైకమ్మీ దాకా వెళ్ళేసరికి రెండు నెలలు పట్టింది. ఈ వ్యాయామం బద్ధకించినవాళ్ళకి తర్వాత ఆ బల్లమీద ఏడుపే గతి. నేను చూశాను.

తర్వాత ఒక రోజు స్కానింగు. పడుకోబెట్టి, కొలతలు తీసి, ఛాతీమీద సూదితో మూడు చిన్న చుక్కలు పెట్టారు. ప్రతిరోజూ సరిగ్గా అదే చోట కిరణం పడాలి గనుక అవి గుర్తులు. చెరగవు. మా అవ్వకి మోచేతి నిండా పచ్చబొట్లు ఉండేవి, నాకు వద్దని చిన్నప్పుడు పారిపోయాను. యాభై నాలుగో ఏట పొడిపించుకున్నాను.

నాది ఎడమవైపు. కింద గుండె ఉంటుంది. నిండా ఊపిరి పీల్చి బిగబడితే ఊపిరితిత్తులు ఉబ్బి, గుండె ఛాతీగోడ నుంచి కాస్త దూరం జరుగుతుందట. ఆ కొద్ది సెకన్లలోనే కిరణం వదులుతారు. ఊపిరి వదలగానే ఆపేస్తారు. 20 సెకన్లు బిగబట్టడం వారం రోజులు ఇంట్లో అభ్యాసం చేయమన్నారు. గడియారం చూస్తూ బిగబడితే పన్నెండుకే గుండె దడదడ. అప్పుడు మా నాన్న గుర్తుకొచ్చారు. కళ్ళంలో రాగులు కొలిచేటప్పుడు ఆయన ఒకటి అనేవారు కాదు, “లాభం, రెండు, మూడు” అని మొదలుపెట్టేవారు. మన పల్లెల్లో పెరిగినవాళ్ళకి ఈ లెక్క తెలుసు. కళ్ళు మూసుకుని, ఆయన మానిక ముంచి పోసే తూగుతో లాభం నుంచి మొదలుపెడితే, మూడో రోజుకి ఇరవై దాటింది.

ఒకేసారి పెట్టేయకుండా ఇన్ని రోజులెందుకని నాకు సందేహం. డాక్టరమ్మ చెప్పింది ఇదీ: కిరణం కణం లోపలి డి.ఎన్.ఎ.ని దెబ్బ తీస్తుంది. మంచి కణమూ దెబ్బ తింటుంది, చెడు కణమూ తింటుంది. మంచి కణానికి మరమ్మతు చేసుకునే శక్తి ఎక్కువ. అందుకని కొద్దికొద్దిగా ఇచ్చి, మధ్యలో దానికి తేరుకునే వ్యవధి ఇస్తారు. వాయిదాల పద్ధతి అన్నమాట. అప్పు మొత్తం ఒకేసారి వసూలు చేయబోతే మంచి రైతు కూడా కుప్పకూలుతాడని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నదాన్ని, నాకు ఇంకెవరూ వివరించనక్కర్లేకపోయింది. రొమ్ముకి 25 సిట్టింగులు ఇవ్వడం చాలాకాలం వాడుకలో ఉంది. ఇప్పుడు చాలామందికి రోజువారీ మోతాదు కాస్త పెంచి 15కి కుదిస్తున్నారు. నాకు రొమ్మంతటికీ 15, గడ్డ తీసిన చోటికి మాత్రం అదనంగా 5.

అక్టోబరు రెండో వారంలో మొదలైంది. హోసూరు బస్‌స్టాండులో తెల్లవారుజామున బస్సెక్కడం, అత్తిబెలె దాటగానే కన్నడ బోర్డులు, చందాపుర, ఎలక్ట్రానిక్ సిటీ, ఆ తర్వాత ఆటో. మా వారు రోజూ తోడు వచ్చారు. లోపల చల్లటి గది, మందమైన తలుపు. నన్ను పడుకోబెట్టి, చుక్కలు చూసి, ఇంచు అటూ ఇటూ జరిపి అందరూ బయటికి వెళ్ళిపోతారు. ఆ ఒంటరితనమే కష్టం గాని చికిత్స కాదు. కెమెరాలో వాళ్ళు చూస్తూనే ఉంటారు. మైకులో ఆ అబ్బాయి “ఉసిరు హిడ్కొళ్ళి” అంటాడు. కన్నడంలో ఉసిరు అంటే ఊపిరి. మనకి ఉసురు అంటే ప్రాణం. మొదటిరోజు ఆ మాటకి ఒళ్ళు జలదరించింది. యంత్రం చుట్టూ తిరిగింది, తేనెటీగల రొద వంటి చప్పుడు వచ్చింది. లాభం, రెండు, మూడు… షాకు లేదు, మంట లేదు, వెలుగు కూడా కనబడలేదు. నిమిషాల్లో అయిపోయింది. సర్దడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు.

ఆయుధపూజ సెలవుల ముందురోజు వెళితే ఆ కోట్ల రూపాయల యంత్రానికి కుంకుమ బొట్టు, చేమంతి దండ! దండం పెట్టుకునే పడుకున్నాను.

ఇంట్లో మాత్రం సంగతి వేరు. మొదటిరోజు తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కునేసరికి మనవరాలు “అవ్వా” అని పరుగెత్తుకొచ్చింది. మా అమ్మ దాన్ని మధ్యలోనే ఒడిసి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. అమ్మకి డెబ్బై ఏడేళ్ళు. రాత్రి భోజనానికి కూర్చుంటే అందరి కంచాలూ ఒక వరసన, నాది కొంచెం ఎడంగా. కొత్త పళ్ళెం. “ఏంటిదమ్మా?” అన్నాను. “ఏమీ లేదు అమ్మణ్ణీ, బిడ్డ చిన్నది గదా, ఈ నెల రోజులు జాగ్రత్తగా ఉందాం” అంది. నా కూతురు కోపంగా ఏదో అనబోయింది. నేనే వద్దని సైగ చేశాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. అమ్మ విన్నది, తలూపింది, పళ్ళెం మాత్రం అక్కడే ఉంచింది.

అలా పది రోజులు. మనవరాలు తలుపు సందులోంచి చూసేది. ఆ పది రోజుల ముందు ఆపరేషనూ కీమో ఏపాటివి అనిపించింది.

మూడో వారం నుంచి చర్మం కమిలింది. రొమ్ము కింద మడతలో నల్లబడి, మెల్లగా పొర లేచింది. గోరువెచ్చని నీళ్ళు, గరుకు లేని సబ్బు, వదులైన నూలు జాకెట్టు, రుద్దకుండా అద్ది తుడవడం, వాళ్ళిచ్చిన క్రీము తప్ప ఇంకేదీ రాయకపోవడం. ఇంతే నియమాలు. ఒకరాత్రి మంటకి మూలుగుతుంటే అమ్మ చల్లటి వెన్నలో పసుపు కలిపి తెచ్చి రాసింది. ముట్టుకుంటే తగులుతుందని భయపడే మనిషి తన చేత్తో రాసింది! వద్దనడానికి నాకు నోరు రాలేదు. మర్నాడు ఆసుపత్రిలో బాగా చీవాట్లు తిన్నాను. నెమ్మదిగా కడిగించి, మళ్ళీ ఇలా చేస్తే ఊరుకోమన్నారు. నీరసం కూడా అప్పుడే మొదలైంది. నిద్రపోయినా తీరని నీరసం. మధ్యాహ్నం మూడింటికి చెంబెడు నీళ్ళు ఎత్తబుద్ధి కాదు. దానికి మందు లేదు, పడుకోవడం, కాస్త నడవడం తప్ప. ఒకరోజు యంత్రం పాడైందన్నారు. ఆ మాట ముందురోజు రాత్రే ఫోన్లో చెప్పి ఉంటే యాభైమందికి ప్రయాణం తప్పేది. ఆ సిట్టింగు చివర కలిపారు.

వేచి ఉండే హాల్లో రోజూ కుప్పం వైపు నుంచి వచ్చిన ఒకావిడ నా పక్కన కూర్చునేది. ధర్మశాలలో ఉంటూ, సంచి తాడుకి రోజుకో ముడి వేసుకునేది. రానూపోనూ రైలు టికెట్టు పూర్తిగా కొంటోందని తెలిసి నాకు బాధేసింది. క్యాన్సర్ చికిత్సకి వెళ్ళేవాళ్ళకి, ఆసుపత్రి నిర్ణీత ఫారంలో ధ్రువపత్రం ఇస్తే, స్లీపరులోనూ మూడంతస్తుల ఏసీలోనూ ఛార్జీ మొత్తం మాఫీ. తోడు వెళ్ళేవారికి 75 శాతం తగ్గింపు. ఒడిశా నుంచో, మహారాష్ట్ర నుంచో దూరం వెళ్ళే మనవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

పదకొండో రోజున మా వారు నాతో ఒక్క మాటా చెప్పకుండా అమ్మని కూడా బస్సెక్కించారు. ఆసుపత్రిలో ఆ మైకు అబ్బాయిని పట్టుకుని, “మా అత్తగారికి నువ్వు చెప్పు నాయనా” అన్నారు. ఆ అబ్బాయిది కోలారు జిల్లా, తెలుగు వచ్చు. అమ్మని యంత్రం గది గుమ్మం దాకా తీసుకెళ్ళాడు. గోడమీది లైటు స్విచ్చి ఆపి, “అవ్వా, ఇప్పుడు గదిలో వెలుతురు మిగిలిందా?” అన్నాడు. లేదంది. “ఇది కూడా అంతే. ఆపేస్తే అయిపోయింది. మీ అమ్మాయి ఒంట్లో ఏమీ మిగలదు. ఒంటి లోపల రేడియం వంటిది పెట్టినా, థైరాయిడ్‌కి అయోడిన్ మందు తాగించినా కొన్నాళ్ళు ఎడంగా ఉండమంటాం, అది మేమే చెబుతాం. దీనికి అక్కర్లేదు.”

అమ్మ చాలాసేపు ఆ యంత్రాన్ని చూసింది. “ముందు కాలంలో పెట్టిన కరెంటు కూడా ఇంతేనా?” అని అడిగింది. “అప్పుడు కోబాల్టు యంత్రాలు అవ్వా. బయటి నుంచి పెట్టేదైతే దానితోనూ ఇంతే, మనిషిలో ఏమీ ఉండదు.”

తిరుగు ప్రయాణంలో అమ్మ కిటికీ వైపు కూర్చుంది. అత్తిబెలె దాకా మాట లేదు. అక్కడ బస్సు ఆగినప్పుడు, నా వైపు తిరగకుండానే అంది, “మీ తమ్ముడికి అప్పుడు మూడేండ్లు. ఒక్కసారి వాణ్ణి ఎత్తుకుంటానని అక్క అడిగింది. నేనే ఇయ్యలేదు.”

నాకేం చెప్పాలో తెలియలేదు. సత్తుపళ్ళెం సంగతి నా గొంతులోనే ఉండిపోయింది.

ఆ రాత్రి నా కంచం అందరి కంచాల వరసలోకి వచ్చింది. అమ్మే మనవరాలిని తెచ్చి నా కుడివైపు ఒళ్ళో కూర్చోబెట్టింది. అది నా గుండుమీద చేత్తో తడిమి కిలకిలా నవ్వింది.

దీపావళికి మూడు రోజుల ముందు ఇరవై పూర్తయ్యాయి. చర్మం ఆ తర్వాత కూడా వారం పదిరోజులు ఎర్రగా ఉండి, నెలకి మానింది. ఇప్పుడు రోజూ మాత్ర, ఏడాదికోసారి మామోగ్రాం. బ్యాంకులో అందరికీ చెప్పాను. చెప్పాక ఇద్దరు అమ్మాయిలు వెళ్ళి పరీక్ష చేయించుకొచ్చారు.

దీపావళి మర్నాడు అమ్మ నన్ను పిలిచి, పెద్దమ్మ కూతురి ఫోన్ నంబరు కావాలంది. అక్కతో మాకు రాకపోకలు తగ్గి చాలా ఏళ్ళయింది. ఇద్దరు ముగ్గురు బంధువుల్ని అడిగి నంబరు సంపాదించి, కలిపి అమ్మ చేతికిచ్చాను. అమ్మ ఫోను తీసుకుని పెరటివైపు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి, గోడమీద పెన్సిలు గీతలు తుడుస్తూ నిలబడ్డాను.