ఇంటిగుట్టు

మొన్నటి వేసవి సెలవులలో మా మనుమరాలు ఒక అమెరికా బొమ్మల కథను చదువుచు మాకును వినిపించెను. మార్వ్ వుల్ఫ్‌మన్ వ్రాయగా జార్జి పెరెజ్ బొమ్మలు గీసిన యా కథ 1984వ సంవత్సరమున వెలువడినది. టీన్ టైటన్స్ అను యువవీరుల బృందమును, అందులోని టెర్రా యను బాలికయే శత్రువులకు పట్టియిచ్చుట అందలి విషయము. క్రీస్తును పట్టియిచ్చిన యూదా పేరనే దానికి నామకరణము చేసిరి.

విన్నంతనే మేము "ఇంటిగుట్టు లంకకు చేటు" అను సామెత చెప్పి, ముక్కుమొగము తెలియనివారిని చేర్చుకొన్న నిట్లే యగునని బోధింపబోతిమి. పిల్ల మా మాట సాగనీయక, "అది కాదు తాతయ్యా, ఆ అమ్మాయికి ఈ పని ఎవరు నేర్పారు?" అని యడిగెను. మేము పుస్తకము చేతికి తీసికొంటిమి.

టెర్రా ఒక రాజునకు వివాహబాహ్యమున కలిగిన బిడ్డ. అపవాదునకు వెరచి పెద్దలామెను దేశము దాటించిరి. కూలికి ప్రాణములు తీయు స్లేడ్ విల్సన్ అనువాడు, తండ్రి యీడువాడు, ఆమెను చేరదీసి పనిముట్టుగా చేసికొనెను. పదునారేండ్లు మించని యా పిల్ల, కంటిలో దాచిన కటకముతో మిత్రుల యింటి దృశ్యములను వానికి పంపెను. వాడు వారిని బంధించి హైవ్ అను దుష్టసంఘమున కప్పగించెను. డిక్ గ్రేసన్ ఒక్కడు తప్పించుకొనెను. అతనికి తోడై మిత్రులను విడిపించినవాడు స్లేడ్ కుమారుడే యగు జోసెఫ్. అతనిని పెంచినది తల్లి. టెర్రాకు అట్టి తోడు లేదు. తుదకామె క్రోధావేశమున తాను కూల్చిన రాళ్ల క్రిందనే మరణించెను.

ఆమె చెడుగునకు ఆమెయే కారణమనియు, మరి యెవరును కారనియు కథకులు తీర్పు చెప్పిరి. స్లేడ్ నాయకుడుగా మాత్రము 1991లో వేరొక కథామాలికయే మొదలయ్యెను.

ఇట్టి తీర్పు మేమును ఒకప్పు డిచ్చితిమి. తల్లిదండ్రులు లేని దూరపు చుట్టాల పిల్ల యొకతె మా యింట పెరుగుచుండెను. ఆస్తి పంపకముల తగవు నడచు దినములలో, మా పెట్టెలోని కాగితముల సంగతి దాయాదులకు చేరవేసినది ఆమెయని తేలినది. నాడే గుడ్డలమూట చేతికిచ్చి పంపివేసితిమి. పట్టుపరికిణి ఆశ చూపి ఆమెచేత ఆ పని చేయించిన దెవరో మేమెరుగుదుము. వారు మా యింటి పెండ్లిండ్లకు వచ్చుచునే యుండిరి. మేము తాంబూలములిచ్చుచునే యుంటిమి. పన్నెండేండ్ల యా పిల్ల యెక్కడ నున్నదని మాత్రము విచారింపమైతిమి. మోసపోయిన టైటన్సు టెర్రాకు తామే అంత్యక్రియలు జరిపిరి. మేమాపాటి మనసైనను చూపలేదు.

ద్రోహము ద్రోహమే, కాదనము. కాని అనాథకు అన్నము పెట్టుటతో మా ధర్మము తీరినదనుకొంటిమి. ఇంటిగుట్టు దాచుమని బిడ్డకు నేర్పుటకు ముందు, అది తన యిల్లని ఆమెకు తోచవలెను. మా యింట ఆ పిల్లకు అట్లెన్నడును తోచలేదు.

ఆ రాత్రి మనుమరాలికి ఈ సంగతి యంతయు దాచక చెప్పితిమి.