అతుకు కనపడని ఊరు - షిజువోకా

తెర మీద ఓడ మునిగితే కళ్లు తుడుచుకుంటాం. కోట కూలితే ఈల వేస్తాం. ఆ ఓడ బల్ల మీద పట్టేంతదని, ఆ కోట ఉత్త అట్టముక్కలని తెలిసినా సరే! ఈ మాయంతా దేని మీద నిలబడుతుందో తెలుసా? అతుకు కనపడకపోవడం మీద! రెండు ముక్కలు కలిసిన చోట వెంట్రుకంత గీత కనిపించిందా... మహా యుద్ధనౌక కాస్తా పిల్లలాడుకునే బొమ్మ అయిపోతుంది.

ఆ గీతతో రోజూ కుస్తీ పట్టే ఊరొకటి జపానులో ఉంది. పేరు షిజువోకా.

టోక్యోలో హికారి బుల్లెట్ రైలు ఎక్కితే గంట ప్రయాణం. కుడివైపు కిటికీ దగ్గర సీటు దొరికితే, మబ్బులు దయతలిస్తే, ఫ్యూజీ పర్వతం దర్శనమిస్తుంది. తేయాకు తోటలకి పేరుపడ్డ ప్రాంతం. కానీ ఊళ్లోకి అడుగుపెట్టగానే ఆగి చూసేది వేరే ఉంది. మోడల్ కిట్ పెట్టె తెరిస్తే ముక్కలన్నీ ఒక చట్రానికి అంటుకుని ఉంటాయి చూడండి... అచ్చు అలాగే, నిలువెత్తు చట్రానికి బిగించిన విడిభాగాల్లా ఇక్కడ పోస్టు డబ్బానీ, పబ్లిక్ ఫోనునీ నిలబెట్టారు!

ఈ పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందంటారా? కొయ్య పని నుంచి. ఇక్కడ వడ్రంగం పాత విద్య. ఇవాళ మోడల్ ప్రియులందరికీ తెలిసిన తమియా కంపెనీ 1946లో మొదలైంది కలప మిల్లుగానే. 1951లో అగ్నిప్రమాదం జరిగి కలప నిల్వలు బుగ్గయ్యాయి. ఆ తరవాత కొయ్య బొమ్మల్నే నమ్ముకున్నారు. కాలం మారి ప్లాస్టిక్ వచ్చిపడితే, 1960లో 'యమాటో' యుద్ధనౌకతో తొలి ప్లాస్టిక్ కిట్ వేశారు. బందాయ్ వాళ్ల గండమ్ రోబో కిట్ల కర్మాగారం కూడా ఈ ఊళ్లోనే ఉంది.

ఏటా మే నెలలో ఇక్కడ హాబీ షో జరుగుతుంది. కంపెనీల స్టాళ్లు ఒక పక్క, ఎక్కడెక్కడి మోడల్ క్లబ్బుల వాళ్లు ఇంట్లో చేసి తెచ్చిన బొమ్మలు ఒక పక్క. నాకు కాళ్లు కదలనిది ఆ రెండో పక్కనే. ఒక పెద్దాయన ముందు రంగు వెయ్యని విమానం ఉంది. నా వేలు పట్టుకుని, గోరుని దాని వీపు మీదుగా నడిపించాడు. రెండు సగాలు అతికిన చోటట! గోరు ఎక్కడా తట్టుకోలేదు.

ఎలా చేశాడు? మన ఆటోనగర్‌లో డొక్కుపోయిన కారుకి లప్పం పెట్టే మేస్త్రీని చూశారుగా, ఆ విద్యే ఇదీ. కాకపోతే గడియారం బాగుచేసే వాడి ఓపికతో! ముందు జిగురు పెట్టకుండా ముక్కలు కలిపి చూడాలి. జిగురు అంటే అంటించేది కాదు, ప్లాస్టిక్‌ని కరిగించేది. రెండు సగాలూ నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నని పూసలా పైకి ఉబుకుతుంది. ఒక రోజు ఆరనిచ్చి దాన్ని రుద్దేస్తే సగం పగుళ్లు అక్కడే మూసుకుంటాయి.

ఇంకా సందు మిగిలితే లప్పం. ఒకేసారి దట్టంగా పూశారో, చెడ్డారే! అది ఆరేకొద్దీ కుంచించుకుపోయి మళ్లీ గుంట పడుతుంది. పల్చగా పొర మీద పొర వెయ్యాలి. అటూ ఇటూ టేపు అంటిస్తే పక్కనున్న నగిషీ పాడవదు. సందు మరీ వెడల్పయితే ప్లాస్టిక్ రేకు ముక్క దూర్చాలి. లేదా రెండు ముద్దలు కలిపి వాడే ఎపాక్సీ పెట్టాలి, అది కుంచించుకోదు. తరవాత నీళ్లు తడుపుతూ 400 నంబరు వాటర్ పేపరు, 600, ఆపైన 1000. చివర బూడిదరంగు ప్రైమర్. అదే అసలు జడ్జి! అప్పటిదాకా దాక్కున్న గీత ప్రైమర్ పడగానే బయటపడుతుంది. మళ్లీ మొదటికి రావాల్సిందే.

చూసినవాళ్లంతా రంగు మెచ్చుకుంటారట, అతుకు సంగతి ఎవరూ ఎత్తరట. ఎత్తకపోతేనే తను నెగ్గినట్టని నవ్వాడాయన, పక్కన ఇంగ్లీషు వచ్చిన కుర్రాడి చేత చెప్పించి.

ఆ కుర్రాడి కథ ఇంకా బాగుంది. ఇప్పటి గండమ్ కిట్లకి జిగురే అక్కర్లేదు, టక్కున బిగించెయ్యడమే. అతుకు కూడా కవచం మీది గీతల్లో కలిసిపోయేలా కంపెనీవాళ్లే ఏర్పాటు చేస్తున్నారు. మరి పెద్దాయన విద్య ఎవరికి కావాలి? ఈ కుర్రాడికి కావాలి! పనిగట్టుకుని 1980 నాటి పాత గండమ్ కిట్ కొన్నాడు. జిగురు, లప్పం, రుద్దుడు... అన్నీ ఆయన పక్కన కూచుని నేర్చుకుంటున్నాడు. ఆ రోబో చెయ్యి మీద నా గోరు మూడు చోట్ల తట్టుకుంది. కుర్రాడు సిగ్గుపడి మళ్లీ వాటర్ పేపరు అందుకున్నాడు.

సినిమా ఈ విద్యకి ఎంత బాకీ పడిందో లెక్కలేదు. 1954లో గాడ్జిల్లా తొక్కి పారేసిన టోక్యో అంతా బుల్లి ఊరే. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' అంతరిక్ష నౌకల ఒంటి నిండా బజారులో కొన్న ట్యాంకుల, ఓడల కిట్ల ముక్కలే! మన 'మాయాబజార్' (1957)లో ద్వారక? 50 అడుగులకి 60 అడుగుల జాగాలో అమర్చిన 300 దాకా బుల్లి ఇళ్లు. మార్కస్ బార్‌ట్లే కెమెరాని ఇప్పటికీ తలుచుకుంటాం. గోఖలే, కళాధర్‌ల కళని పొగుడుతాం. ఆ ఇళ్లని కత్తిరించి, అతికించిన చేతుల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

ఈసారి టీవీలో 'మాయాబజార్' వేస్తే ద్వారక రాగానే కాస్త ముందుకి జరిగి కూచోండి. అతుకు ఎక్కడుందో వెతకండి. దొరక్కపోతే, దాన్ని దాచిన ఆ పేరు తెలియని చేతికి ఒక ఈల వెయ్యండి!