కొనక్కర్లేని మైలురాయి

శ్రీకాకుళంలో చాన్నాళ్లు డీటీపీ సెంటర్ నడిపాను. విండోస్ 95, లేజర్ ప్రింటర్, సీడీ రైటర్, పెన్‌డ్రైవ్... ఏది కొత్తగా వచ్చిందన్నా అప్పోసప్పో చేసి విశాఖ నుంచి పట్టుకొచ్చేవాణ్ణి. కంప్యూటర్ చరిత్రలోని మైలురాళ్లన్నీ నా కొట్టు గుమ్మం దాటే వచ్చాయని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. పైసా పెట్టి కొనక్కర్లేని యూనికోడ్‌ని మాత్రం పట్టించుకోలేదు.

అప్పటి మా తెలుగు ఫాంట్లు ఒక కనికట్టు. కంప్యూటర్ లోపల దాచుకునేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. తెరమీద మాత్రం వాటి స్థానంలో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తుల బొమ్మలు కనబడేవి. ఒక్కో కంపెనీది ఒక్కో అమరిక. ఒకరి ఫాంటుతో కొట్టింది ఇంకొకరి దగ్గర తెరిస్తే అంతా కలగాపులగం. పైగా మా ఫాంటు పనిచెయ్యాలంటే ప్రింటర్ పోర్టుకి చిన్న లాక్ గుచ్చాలి.

దీనికి విరుగుడు 1991లోనే వచ్చింది. యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగుకి 128 గళ్లు కేటాయించారు. ఏ దేశంలో, ఏ యంత్రంలో కొట్టినా 'క' అంకె 3093. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటూ వచ్చింది. కంట్రోల్ ప్యానెల్లో ఒక టిక్కు కొట్టి, అడిగినప్పుడు సీడీ పెడితే సరి. మా కుర్రాడు నేర్చుకుందామంటే, "పేజ్‌మేకర్ దాన్ని చదవదు, ప్రెస్సుకి అక్కర్లేదు, మనకెందుకురా?" అనేశాను. ఆ మాట ఆ రోజుకి నిజమే. రేపటికి అచ్చు అందితే చాలనుకున్నాను. పదేళ్ల తర్వాత ఆ ఫైలుతో ఎవరికైనా పని పడుతుందేమోనని ఆలోచించలేదు.

పని పడింది. రిటైరైన మేష్టారొకరు తన కథలన్నీ మా దగ్గరే కొట్టించుకున్నారు. "ఫైల్లో భద్రంగా ఉన్నాయి కదండీ" అని నేను భరోసా ఇచ్చాకే రాతప్రతులు పారేశారు. స్మార్ట్‌ఫోన్లొచ్చాక ఓ రోజు వచ్చి, "నా కథలు నీ కాడున్నాయి కదేటి బాబూ? మనవరాలికి వాట్సాప్‌లో పంపాలి" అన్నారు. ఫ్లాపీలకి బూజు. సీడీలో ఫైళ్లున్నాయి గానీ లాక్ ఎప్పుడో పోయింది, కొత్త కంప్యూటర్‌కి ఆ పోర్టే లేదు. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు. ఆయన కళ్లజోడు సర్దుకుని దగ్గరగా వంగి చూశారు. "ఇది నేన్రాసిందేనా?"

అచ్చయిన కథల కోసం కథానిలయానికి వెళ్లాం. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మా ఊళ్లోనే నెలకొల్పిన ఆ గ్రంథాలయంలో, పాత పత్రికల పుటల్లో అవి చక్కగా ఉన్నాయి. చదవడానికి ఏ లాకూ అడగలేదు. అచ్చవ్వని వాటిని మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో వేశాం. వత్తులు ఒకదానికి బదులొకటి పడ్డాయి. మేష్టారు పక్కన కూర్చుని వాక్యం వాక్యం దిద్దించారు. ఫ్లాపీల్లోనే మిగిలినవి మాత్రం పోయాయి.

ఇప్పుడు ఎవరు పని తెచ్చినా, డిజైన్ ఫైలుతోపాటు యూనికోడ్‌లో సాదా టెక్స్ట్ కాపీ ఒకటి, ప్రింటు ఒకటి చేతికిస్తున్నాను. రాతప్రతి పారేయొద్దని మరీ మరీ చెబుతున్నాను. కొత్త సాఫ్ట్‌వేర్ అమ్మడానికి ఎవరైనా వస్తే, ఇందులో దాచింది పక్క కొట్లో తెరుచుకుంటుందా అని అడుగుతున్నాను. తెరిచి చూపించాకే బేరం.