రసీదు బుక్కు

1991. బాబాసాహెబ్ శతజయంతి. హనుమకొండలో మా వాడ పిల్లలమంతా ఏప్రిల్ 14 ఘనంగా చెయ్యాలనుకున్నం. నేనప్పుడు డిగ్రీ చదువుతున్న. "సదువుకున్నోనివి, లెక్క నువ్వే రాయాలె" అని రసీదు బుక్కు నా చేతిలో పెట్టిండ్రు. చౌరస్తా నుంచి వేయిస్తంభాల గుడి దాకా దుకాణం దుకాణం తిరిగినం. వినాయక చవితి చందాకు వచ్చినోళ్లను లోపలికి పిలిచి కుర్చీ వేసేవాళ్లు, మమ్మల్ని మెట్టు మీదే నిలబెట్టి అయిదు రూపాయలిచ్చిండ్రు. ఆ అయిదు రూపాయలకే రెండుసార్లు రసీదు చూసుకున్నరు.

జయంతి బాగా జరిగింది. లెక్క చూస్తే 85 రూపాయలు తక్కువ. ఎవరూ ఎత్తుకపోలేదు. నేనే వాడుకున్న. పరీక్ష ఫీజు కట్టే ఆఖరి రోజు. స్కాలర్‌షిప్ రాలేదు. రాంగనే కలిపేద్దామనుకున్న. ఎవరికీ చెప్పలేదు. సంఘంలో అందరి ముందు అడిగితే నోరు పెగల్లేదు.

మా నాయిన చెప్పులు కుట్టేవాడు. ఆ రాత్రి పనిముట్ల డబ్బా అడుగు నుంచి మడతలు పడ్డ నోట్లు తీసి సంఘం ముందు పెట్టిండు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఇంటికొచ్చినంక ఒక్క మాటన్నడు. "దొర పదివేలు మింగితె ఫలానాయన మింగిండంటరు. మనం పది రూపాలు మింగితె మాదిగోళ్లు మింగిండ్రంటరు. యాదుంచుకో కొడుకా."

పదేండ్లకు ఆ మాట టీవీలో కనబడ్డది.

2001 మార్చి 13. అప్పటికి నేను పంతులు ఉద్యోగంలో ఉన్న. తెహల్కా విలేకరులు ఆయుధాల వ్యాపారుల వేషంలో పోయి రహస్య కెమెరాతో తీసిన టేపులు బయటపెట్టిండ్రు. అందులో బంగారు లక్ష్మణ్ లక్ష రూపాయల కట్ట తీసుకొని బల్ల సొరుగులో పెడుతున్నడు. హైదరాబాద్ మనిషి. దళితుడు. భారతీయ జనతా పార్టీకి జాతీయ అధ్యక్షుడైన మొదటి దళితుడు. 2000లో ఆ కుర్చీ ఎక్కిండు, ఏడాది తిరగకముందే దిగిండు. ఆయన పార్టీ నా పార్టీ కాదు. ఆ పార్టీ మన వాడల పేరు ఎందుకు తలుచుకుంటదో నాకు తెలుసు. అయినా ఆ రోజు దొరికిపోయింది నేనే అన్నట్టు చెమటలు పట్టినయి.

తెల్లారి బడికి పోయిన. సాటి పంతులొకాయన పేపరు మడిచి నా దిక్కు చూసి నవ్విండు. "పెద్ద కుర్చీ ఇస్తే గిట్లనే ఉంటది" అన్నడు. ఎవరికి ఇస్తే అనేది మాత్రం అనలేదు. అనాల్సిన పని లేదు. జవాబు చెబుదామనుకున్న. ఆ 85 రూపాయలు గొంతుకు అడ్డంపడ్డయి.

అది పార్టీ ఫండు కోసం తీసుకున్నదని లక్ష్మణ్ చెప్పుకున్నడు. కోర్టు నమ్మలేదు. 2012 ఏప్రిల్‌లో ఢిల్లీ సీబీఐ కోర్టు నాలుగేండ్ల జైలు, లక్ష జరిమానా వేసింది. తీహార్‌కు పోయిండు. తర్వాత బెయిలు మీద వచ్చి, 2014 మార్చి 1న హైదరాబాద్‌లో చనిపోయిండు.

నేను ఆయన తరఫున వకాల్తా పుచ్చుకోను. రసీదు రాయని చందా చందా కాదు. ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు? కానీ లెక్క అందరికీ ఒక్క తీరుగ ఉండాలె కదా. అవే టేపుల మీద రక్షణ మంత్రి జార్జ్ ఫెర్నాండెజ్ రాజీనామా చేసి, ఏడు నెలలకు అక్టోబరులో మళ్లీ అదే కుర్చీలో కూసున్నడు. ఆయన చేతిలో నోట్లు కనపడలేదు, నిజమే. ఆయన పార్టీ అధ్యక్షురాలుగా ఉండిన జయా జైట్లీకి శిక్ష పడేసరికి 2020 అయింది. శిక్ష పడ్డనాడే హైకోర్టు దాన్ని ఆపింది. ఆ తర్వాత కథ ఇంకా పెద్దది. 2018లో ఎన్నికల బాండ్లు తెచ్చిండ్రు. స్టేట్ బ్యాంకులో కొని పార్టీకి ఇస్తే ఇచ్చినోని పేరు జనానికి తెలువదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసే దాకా 16 వేల కోట్లకు పైగా అట్లా చేరింది. లక్షకు ఒక మనిషి జైలుకు పోయిండు. ఆ వేల కోట్లకు పోయింది ఒక పథకం మాత్రమే.

ఇంకో సంగతి మనలో మనం మాట్లాడుకోవాలె. లక్ష్మణ్ రాజ్యసభకు పోయింది మన రాష్ట్రం నుంచి కాదు, గుజరాత్ నుంచి. కుర్చీ ఇచ్చింది పార్టీ పెద్దలు. 1932 పూనా ఒప్పందం మన సీట్లను అందరి ఓట్ల కింద పెట్టింది. మన ఓటు ఒక్కటే చాలని నాయకుడు ఎవరి చేతిలోకి పోతడో చెప్పడానికే కాన్షీరాం 1982లో 'చెంచా యుగం' రాసిండు. మనం కూర్చోబెట్టని మనిషిని దించేటప్పుడు మనల్ని అడగరు. మచ్చ మాత్రం మన మొఖానికే పూస్తరు. ఆయన కుర్చీలో మనకు పాలు లేదు, ఆయన సిగ్గులో మాత్రం అందరికీ పాలు పంచిండ్రు.

పోయిన జయంతికి మా వాడ పిల్లలు చందాకు వచ్చిండ్రు. బుక్కు పట్టుకున్నోడు ఇంటర్ పిలగాడు. వాన్ని కూసోబెట్టి, ముప్పై ఏండ్ల పైబడి దాచుకున్న ఆ 85 రూపాయల కథ చెప్పిన. నవ్వుతడనుకున్న. నవ్వలేదు.

"పైసలియ్యి పెద్దనాయినా" అన్నడు.

"ముందు రసీదు రాయి బిడ్డా" అన్న.